ఒకే పెట్టెలో రెండు తారీఖులు

వర్క్‌షాపు
ఐదో తారీఖు

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు బస్సెక్కి ఇంకా పది రోజులు కాలేదు. అప్పుడే ఉత్తరం వచ్చిందంటే అది ప్రేమతో రాసింది కాదని నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. మీ సొరంగం క్యాంపులో ఫోను పనిచేయదు కాబట్టి బతికిపోయావు. లేకపోతే ఈ వారం రోజుల్లో నీ చెవులు చిల్లులు పడేవి.

పాత కంప్యూటర్ పొగ వాసనొస్తోందని దాని బదులు కొత్తది బిగించి, వెళ్ళేముందు ఏమన్నావు? "అక్కా, ఒకే కంప్యూటర్లో కొత్త సిస్టమూ ఉంటుంది, పాతదీ ఉంటుంది. ఆన్ చేయగానే రెండు పేర్లొస్తాయి. కావలసినదాని మీద నొక్కడమే. చంటిపిల్ల కూడా చేస్తుంది" అన్నావు. ఆ చంటిపిల్ల ఎవరో కాస్త ఇటు పంపించు. నువ్వెళ్ళిన మర్నాటి నుంచి పేర్లూ లేవు, పాడూ లేదు. నేరుగా కొత్తది తెరుచుకుని, సముద్రం బొమ్మ చూపించి, "స్వాగతం" అంటోంది. ఎవరడిగారు దాని స్వాగతం?

నాకు కావలసింది పాతది. కాళ్ళ ప్రోగ్రామ్ అందులోనే నడుస్తుంది. అచ్చు చెక్కే మిషను ఆ ప్రోగ్రామ్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. పధ్నాలుగేళ్ళలో మా దగ్గర కృత్రిమ కాలు పెట్టించుకున్న ప్రతి మనిషి కొలతలూ అక్కడే ఉన్నాయి.

ఇంత తొందర ఎందుకంటే పోస్టమ్మ. అదే, మా వీధికి ఉత్తరాలు తెచ్చే ఆవిడ. గేటుకి డబ్బా పెట్టించమని నీతో పోట్లాడింది చూడు, ఆవిడే. ఎడమకాలు మోకాలి కింద నుంచి మేము చేసినదే. ఇప్పుడు దాని తొడుగు పగిలింది. తొడుగంటే, మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం. వచ్చే నెల ఇరవై తొమ్మిదిన వాళ్ళ ఆఫీసులో నడక పరీక్ష. ఇన్‌స్పెక్టరు గడియారం పట్టుకుని వెనకే వస్తాడట. మూడు గంటల్లో బీటు, అంటే తను ఉత్తరాలు పంచే వీధులు, మొత్తం తిరిగి రావాలి. రాలేకపోతే బీటు తీసేసి, లోపల ఉత్తరాలు విడదీసే బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఆ బీటు కోసం ఆవిడ నాలుగేళ్ళు అర్జీలు పెట్టుకుంది.

కొత్త స్కానరుతో కొలిచి, బయట ఒకచోట తొడుగు చేయించి చూశాం. వేసుకుని గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "కరుస్తోంది అక్కా" అంది. కరవదూ మరి? పాత ఫైల్లో పదకొండేళ్ళపాటు ఆవిడ ఇక్కడ నొప్పి, అక్కడ ఒరుపు అంటుంటే మీ బావ వెంట్రుకవాసి చొప్పున దిద్దిన దిద్దుబాట్లున్నాయి. కొలిస్తే దొరికేవి కావవి.

మీ బావ నోరు విప్పడం లేదు. మూతి ముడుచుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. వెంటనే రాయి.

అక్క


సొరంగం క్యాంపు, మూడో షెడ్డు
పన్నెండో తారీఖు

అక్కా,

నీ ఉత్తరం చదివి పక్కమంచాల వాళ్ళు లేచి కూర్చునేలా నవ్వాను. కోప్పడకు. ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు.

జరిగింది ఇదీ. కొత్త సిస్టమ్ నెట్‌లోంచి తనంతట తనే అప్‌డేట్లు వేసుకుంటుంది. వేసుకున్నాక పెద్దకోడలి లాగా తనే ముందుకొచ్చి నిలబడుతుంది. పాతది ఎక్కడికీ పోలేదు, లోపలి గదిలో ఉంది. ఆన్ బటన్ నొక్కిన మరుక్షణం నుంచి పై వరసలో ఎఫ్ పన్నెండు అని ఉన్న మీటని టకటకా కొడుతూనే ఉండు. నీలం తెర వస్తుంది. అందులో రెండో వరస పాతది. బాణం గుర్తుతో కిందికి దిగి ఎంటర్ కొట్టు. అంతే.

బావకి ఇంకా అలక తీరలేదా? అసలాయన ఆ పాత కంప్యూటర్ని ఎలా ఉంచారో నువ్వు చూళ్ళేదు. దుమ్ము సంగతి వదిలెయ్, దానికి తారీఖు కూడా తెలీదు. తొమ్మిదేళ్ళు వెనకుంది! కొత్తదాంట్లో నేను సరిచేశాను. ఇక నెట్‌లో చూసుకుని సెకన్లతో సహా తనే దిద్దుకుంటుంది. ఆ మాట చెబుదామనుకునేసరికి ఆయన విసురుగా లేచి బయటికి వెళ్ళిపోయారు.

ఇక్కడ నన్ను పంపుల ఎలక్ట్రీషియన్ అనడం మానేశారు. 'కంప్యూటరు మాస్టారూ' అంటున్నారు. సంగతేమిటో వచ్చినప్పుడు చెబుతాను.

పోస్టమ్మగారికి నా నమస్కారాలు. డబ్బా ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా పెడతాను.

తమ్ముడు


వర్క్‌షాపు
పద్దెనిమిదో తారీఖు

ఒరేయ్ మాస్టారూ,

నీ ఎఫ్ పన్నెండుని పంతొమ్మిదిసార్లు కొట్టాను. పంతొమ్మిదిసార్లంటే పంతొమ్మిది నొక్కుళ్ళు కాదు. ఆన్ చేయడం, కొట్టడం, అది తప్పించుకుని సముద్రం చూపించడం, మళ్ళీ ఆపడం, ఇదంతా కలిపి పంతొమ్మిదిసార్లు. క్షణం ముందుగా కొడితే కుయ్యిమంటుంది, క్షణం ఆలస్యంగా కొడితే "స్వాగతం" అంటుంది. చచ్చీ చెడీ నీలం తెర తెప్పించాను. రెండో వరస. ఎంటర్. పాత బొమ్మ, పాత రంగు, పాత అక్షరాలు కనబడేసరికి నాకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ సంబరం ఎంతసేపు? కాళ్ళ ప్రోగ్రామ్ మీద నొక్కాను. చిన్న పెట్టె ఒకటి వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "గడువు ముగిసినది. దయచేసి సంస్థను సంప్రదించగలరు." దాని కింద 'సరే' అని ఒకే ఒక్క బటన్. సరే అనకపోతే కదలదు, సరే అంటే మూసుకుపోతుంది. ఎనిమిది సార్లు సరే అన్నాను. నా పెళ్ళికి కూడా ఇన్నిసార్లు అనలేదు.

ఏ గడువురా? నిన్నగాక మొన్న పాత కంప్యూటర్లో శుభ్రంగా నడిచిందే! సంప్రదించడానికి ఆ ప్రోగ్రామ్ అమ్మిన సంస్థ ఎక్కడేడ్చింది? వాళ్ళు షట్టరు దించేసి ఎన్నేళ్ళయిందో నీకూ తెలుసు.

"ఇదేమిటండీ" అని మీ బావనడిగితే, ఆ పెట్టె వంక చూసి, చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పోస్టమ్మ పగిలిన తొడుగుకి బెల్టు బిగించుకుని తిరుగుతోంది. మా వీధి ఎంత ఎత్తో తెలుసు కదా, బండి కూడా ఎక్కదు. నీ ఉత్తరం ఇచ్చి, గుమ్మం పక్క స్టూలు మీద కాసేపు కూర్చుని, "మీ తమ్ముడు ఏం రాశాడు? అవుతుందన్నాడా?" అనడిగింది. అవుతుందన్నాడు అని చెప్పాను. ఇప్పుడేం చెప్పమంటావు?

అక్క


సొరంగం క్యాంపు, మూడో షెడ్డు
ఇరవై ఐదో తారీఖు

అక్కా,

ఇది నాకూ అంతుపట్టడం లేదు. ఉన్నది ఉన్నట్టు దించాను. ఒక్క ఫైలు కూడా అటూ ఇటూ చేయలేదు. పాతదాంట్లో నడిచింది కొత్త పెట్టెలో నడవనంటోందంటే, నా తరవాత ఎవరో అందులో చెయ్యిపెట్టి ఉండాలి. ఎవరో నేను చెప్పాలా? మొదట్నుంచీ ఆయనకిది ఇష్టం లేదు. "పాతది పొగ వాసనొస్తే రానీ, నేను వాడుకుంటాను" అన్న మనిషి.

ఒక పని చెయ్యి. ప్రోగ్రామ్‌ని తీసేసి మళ్ళీ వేద్దామనుకుంటావేమో, చచ్చినా ఆ పని చెయ్యకు. మళ్ళీ వేస్తే సంస్థ వాళ్ళిచ్చే నంబరు అడుగుతుంది, ఇవ్వడానికి వాళ్ళు లేరు. బావని కూర్చోబెట్టి నిలదీసి అడుగు. రోజూ దాన్ని తెరిచింది ఆయనే కదా. ఏదో కిటుకు ఉండే ఉంటుంది. నా మీద పంతంతో చెప్పడం లేదు.

పంతాలకి ఇది సమయం కాదని నా మాటగా చెప్పు.

తమ్ముడు


వర్క్‌షాపు
రెండో తారీఖు

తమ్ముడూ,

నిలదీశాను. ఇదిగో విను.

తొమ్మిదేళ్ళుగా మీ బావ నాకంటే అరగంట ముందు వర్క్‌షాపుకి వస్తారని తెలుసు కదా. "కంప్యూటరు వేడెక్కాలి, అది వేడెక్కేదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అనేవారు. నేను నమ్మాను. బయట వసారాలో టీ గ్లాసు పట్టుకుని నిలబడి, లోపల మిషను వేడెక్కుతోందని కస్టమర్లకి కూడా చెప్పేదాన్ని. అదేమన్నా నీళ్ళ కాగా వేడెక్కడానికి? నాకా మాత్రం తట్టలేదు చూడు!

అసలు సంగతేమిటంటే, సంస్థ మూసేసిన ఏడాదే ప్రోగ్రామ్ గడువు అయిపోయింది. ఈయన ఏం చేశారంటే, గడువుకి ముందురోజు తారీఖు పెట్టి తెరిచారు. నడిచింది. అంతే, ఇక తొమ్మిదేళ్ళు ప్రతి పొద్దునా వచ్చి అదే తారీఖు పెట్టడం, తరవాత నన్ను లోపలికి పిలవడం. ఆ కంప్యూటర్‌కి తొమ్మిదేళ్ళుగా ఒకటే రోజు. నాకెందుకు చెప్పలేదండీ అంటే, "ఆ రోజే చెబుదామనుకున్నాను, తరవాత చెప్పడానికి మొహం చెల్లలేదు" అన్నారు. తెలిస్తే ఈ షాపు ఎప్పుడు ఆగిపోతుందోనని నేను రోజూ భయపడుతూ బతుకుతానట. అందుకని ఆ భయమేదో ఆయనొక్కరే పడ్డారట. నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

నువ్వు వచ్చి తారీఖు సరిచేశావు. ఒకే పెట్టె కాబట్టి రెండు సిస్టమ్‌లకీ గడియారం ఒకటే. కొత్తది దిద్దితే పాతదీ దిద్దుకుంది. ప్రోగ్రామ్ అసలు తారీఖు చూసేసింది. ఆ సంగతి రాసిపెట్టుకుంటుందట. ఇప్పుడు వెనక్కి తిప్పినా ఒప్పుకోదట. అయినా తిప్పి చూశాం. "గడువు ముగిసినది."

నిన్ను తిట్టడం లేదు. నీకేం తెలుసు? దాచింది ఆయన.

కానీ ఒక దారుంది. మీ బావే చెప్పారు. పాత కంప్యూటర్లోంచి తీసి నువ్వు సంచీలో వేసుకెళ్ళిన డిస్కు అసలు తారీఖుని ఎప్పుడూ చూడలేదు. "ఇక దీనితో మీకేం పని" అని పట్టుకెళ్ళావే, అదే. అది పంపిస్తే ఒక్క పూట చాలు. పాత తారీఖు పెట్టి, తెరిచి, పోస్టమ్మ అచ్చు చెక్కించేస్తారు. ఇది అందగానే గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఈ వారం మీ క్యాంపు వ్యానుకే పంపించు. నువ్వు బంగారం కదూ.

అక్క


సొరంగం క్యాంపు
ఏడో తారీఖు

అక్కా,

బావ చేసిన పని విని ఆశ్చర్యపోయాను. తెలివైన పనే.

డిస్కు సంగతి చూస్తాను. వ్యానులో పార్సిళ్ళు తీసుకోవడం కాస్త కష్టం. పైగా నా పెట్టె స్టోర్‌రూమ్‌లో ఉంది, తాళాలున్న ఆయన సెలవులో ఉన్నాడు. ఈలోగా నువ్వు ఊరికే ఉండకు. కొత్త సిస్టమ్‌లో గడియారం గుర్తు మీద నొక్కి, 'తనంతట తానే దిద్దుకొను' అన్నచోట టిక్కు తీసెయ్యి. నెట్ తీగ పీకెయ్యి. కంప్యూటర్ మూత తీస్తే లోపల బొత్తాం లాంటి బ్యాటరీ ఉంటుంది, దాన్ని ఒక రోజంతా బయట పెట్టి మళ్ళీ వెయ్యి. అప్పుడు పాత తారీఖు పెట్టి తెరిచి చూడు. నాకైతే తెరుచుకుంటుందనే నమ్మకం.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

తమ్ముడు


వర్క్‌షాపు
పదిహేడో తారీఖు

తమ్ముడూ,

టిక్కు తీశాను. తీగ పీకాను. బ్యాటరీ ఒక రోజు కాదు, రెండు రోజులు సాసర్లో పెట్టి ఉంచాను. మళ్ళీ వేస్తే కంప్యూటర్ తను పుట్టిన ఏడాది చూపించింది. పాత తారీఖు పెట్టి తెరిచాను. అదే పెట్టె, అదే 'సరే'. ఇక ఆ మాట ఎవరి నోట విన్నా నాకు కంపరమెత్తుతోంది. నిన్న మీ బావ సరే అంటే గరిట విసిరాను.

వారం రోజులుగా పార్సిలు కోసం గుమ్మంలో కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాను. పోస్టమ్మ ప్రతిరోజూ కింద మలుపు దగ్గర నుంచే రెండు చేతులూ ఎత్తి, ఏమీ రాలేదని ఊపుతుంది. ఆవిడని పైదాకా ఎక్కించకుండా ఉండడానికి అలా చెప్పుకున్నాం. తొడుగు అంచు రాసుకుని పుండు పడింది. గుడ్డ పెట్టి కట్టుకుంటోంది. పరీక్షకి పన్నెండు రోజులుంది.

ప్లాస్టరు వేసి చేత్తోనే అచ్చు తీద్దామండీ, మిషను లేనప్పుడు మీరు చేసింది అలాగేగా అంటే, "డిస్కు వస్తుందిగా" అంటారు మీ బావ. రోజూ అదే మాట.

స్టోర్‌రూమ్ తాళాల ఆయన సెలవైపోలేదా? అంత పెద్ద క్యాంపుకి ఒక్కటే తాళంచెవా? నీ ఉత్తరాలు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నువ్వు రెండు పేజీలు రాస్తే ఏమీ లేనట్టు, సగం పేజీ రాస్తే ఏదో ఉన్నట్టు. ఒక్కటే అడుగుతున్నాను. డిస్కు ఉందా, లేదా? ఒక్క మాట రాయి చాలు.

అక్క


సొరంగం క్యాంపు, మూడో షెడ్డు
ఇరవై నాలుగో తారీఖు

అక్కా,

లేదు.

డిస్కు ఉంది, అందులో ఏమీ లేదు. ఇక్కడికి వచ్చిన రెండో రోజే దాన్ని చెరిపేసి సినిమాలు ఎక్కించాను. ఇక్కడ పని దిగాక చేయడానికేమీ ఉండదు. షెడ్డులో నలభై మందిమి. ఒకతను టీవీ తెచ్చాడు, నేను డిస్కు తగిలించాను. అందుకే మాస్టారూ అన్నారు. నాకు బాగుండింది అక్కా. ఎక్కడికెళ్ళినా తీగలు లాగేవాడినే తప్ప నన్నెవరూ అలా పిలవలేదు.

నువ్వు డిస్కు పంపమని రాసిన రోజే దాన్ని టీవీ నుంచి పీకేశాను. చెరిపినదాన్ని వెనక్కి తేవచ్చని ఎవరో అంటే రెండు వారాలు దానితో కుస్తీ పట్టాను. సినిమాలు దాని మీద కూర్చున్నాయి, కింద ఏమీ మిగల్లేదు. దొరికాక చెబుదాంలే, ఎందుకు ముందే కంగారు పెట్టడం అనుకుని ఆ తాళాల కథ రాశాను. తాళాల ఆయన ఇక్కడే ఉన్నాడు. బ్యాటరీ సంగతి కూడా పనిచేయదని తెలిసే రాశాను.

బావ పంతం పట్టారన్నాను. పంతాలకి సమయం కాదని నీతులు కూడా చెప్పాను. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ప్లాస్టరుతోనే మొదలుపెట్టమని చెప్పు. నా కోసం ఆగకండి.

తమ్ముడు


వర్క్‌షాపు
ఆరో తారీఖు

తమ్ముడూ,

కొండచరియ విరిగిపడి మీ వ్యాను ఆగిపోయిందట కదా. నీ ఉత్తరం నిన్ననే వచ్చింది. అది ఎలా వచ్చిందో చివర్లో రాస్తాను.

మేము నీ కోసం ఆగలేదులే. పదిహేడున నీకు రాసి, డబ్బాలో వేసి వచ్చేసరికి మీ బావ ప్లాస్టరు బస్తా విప్పుతున్నారు. "డిస్కు లేదు. ఉంటే పంపేవాడు, పోతే పోయిందనేవాడు. ఇలా అటూ ఇటూ కాకుండా రాశాడంటే దాస్తున్నాడు. దాచేవాడి మాట నాకు తెలీదా, తొమ్మిదేళ్ళు నేను చేసింది అదేగా" అన్నారు.

తడి పట్టీ చేతిలోకి తీసుకోగానే ఆయన వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. అదీ నాకు అప్పుడే తెలిసింది. మౌసు నొక్కడానికి వణుకు అడ్డం రాదు కాబట్టి ఇన్నాళ్ళూ కనబడలేదు. ఎందుకు ఆ పాతదాన్ని అంతలా పట్టుకుని వేలాడారో, నువ్వు ముట్టుకుంటే ఎందుకంత మండిపడ్డారో అప్పుడర్థమైంది. పట్టీ నేను తీసుకున్నాను. ఆయన చెబుతుంటే నేను చుట్టాను. "కిందికి లాగు, బొటనవేలితో నొక్కు, అక్కడ కాదు, ఎముక పక్కన" అంటూ ఒకటే అరుపులు. మొదటి అచ్చు పోయింది. రెండోదీ పోయింది. మూడోది నిలిచింది. దాన్ని అరగదీయడం, తొడిగి చూడడం, పోస్టమ్మ "ఇక్కడ" అంటే మళ్ళీ అరగదీయడం. నా చేతికిది కొత్త. మొత్తం పదిహేడు రోజులు పట్టింది. మొన్న నాలుగో తారీఖున కాలు తయారైంది. బాగా కుదిరింది. మీ బావ చుట్టూ తిరిగి చూసి, "కంప్యూటర్ చెక్కినదానికంటే బాగుంది" అన్నారు. నన్ను మెచ్చుకోవడం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

పరీక్ష ఇరవై తొమ్మిదిన అయిపోయింది.

పగిలిన తొడుగుతోనే నడిచింది. మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. మా మలుపు దగ్గర ఆగిపోయిందట. ఇన్‌స్పెక్టరు మంచివాడే, చెయ్యి అందించబోయాడట, చెయ్యి పట్టుకుంటే పరీక్ష పోయినట్టేనని ఈవిడ పట్టుకోలేదు. ఒకటో తారీఖు నుంచి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మళ్ళీ పరీక్ష ఎప్పుడు పెడతారని అడిగితే, బీటు ఇంకొకరికి ఇచ్చేశాం, ఖాళీ వచ్చినప్పుడు చూద్దాం అన్నారట. నీ ఏడో తారీఖు ఉత్తరం నాకు పదో తారీఖున అందింది. లేదు అని ఆ ఉత్తరంలో రాసుంటే ఆ రోజే మొదలుపెట్టేవాళ్ళం. ఇరవై ఏడుకల్లా కాలు చేతికిచ్చేవాళ్ళం. వేళ్ళ మీద లెక్కపెట్టుకో.

నిన్న సాయంత్రం ఆవిడ కొత్త కాలుతో పైదాకా వచ్చింది. ఎక్కడా ఆగలేదు. విడదీసేటప్పుడు నీ చేతిరాత కనబడిందట, రేపటిదాకా ఎందుకని తనే పట్టుకొచ్చింది. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, "చదవండక్కా, డిస్కు దొరికిందటా?" అంది. నాకు అబద్ధం చెప్పే ఓపిక లేదు తమ్ముడూ. ఈ ఇంట్లో అది ఇప్పటికే కావలసినంత అయింది. మొత్తం పైకి చదివాను. సినిమాలూ, తాళాలాయనా, బ్యాటరీ, అన్నీ.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇలా అంది: "ఆ ఏడో తారీఖు ఉత్తరం తెచ్చింది నేనే కదక్కా. ఆ రోజు పుండు బాగా సలిపింది. సగం ఎక్కి గట్టు మీద కూలబడ్డాను. ఇక రేపు ఇద్దాంలే అనుకున్నాను. మళ్ళీ, ఇందులో నా కాలు సంగతి ఉంటుంది కదా అని లేచి వచ్చాను."

మీ బావ కిటికీ వైపు తిరిగిపోయారు.

నాకు జవాబు రాయకు. నువ్వు నాకేమీ బాకీ లేవు. ఆవిడకి రాయి. పోస్టాఫీసు అడ్రసు చాలు. ఇప్పుడు ఉత్తరాలన్నీ ఆవిడ బల్ల మీదికే వస్తాయి.

అక్క